అడ్డుపడటమే నా ఆట

టెస్టింగ్ ఇంజనీరు ఉద్యోగమంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుని జీతం తీసుకోవడం. మాదాపూర్‌లో ఒకే కంపెనీలో రెండు దశాబ్దాలకు పైగా నేను చేసిన పని అదే. పోయిన ఏడాది రిటైరయ్యాను. వీడ్కోలు కేకు కోశాక కొత్త బ్యాచ్ పిల్లలు మీరంతా నా చుట్టూ చేరి, ఇన్నేళ్ళ సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన రోజు ఏది మేడమ్ అని అడిగారు. ఏ ప్రాజెక్టు గురించో, ఏ రిలీజు ముందు రోజు గొడవ గురించో చెబుతాననుకున్నట్టున్నారు. బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆడిన రోజు అనగానే అందరూ నవ్వారు. వివరంగా చెప్పేలోపు నా క్యాబ్ వచ్చేసింది. ఇప్పుడు నా దగ్గర తీరికకు కొదవ లేదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. కూర్చుని అనడం కూడా అనవసరమే, నేను ఎప్పుడూ కూర్చునే ఉంటాను.

నేను పుట్టింది నార్సింగిలో, అది ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో. ముప్పై దాటిన కొత్తలో జరిగిన రోడ్డు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని ఛాతీ కింద నుంచి స్పర్శా కదలికా పోయాయి. దవాఖానలో చాలా కాలం ఉన్నాను. వీల్‌చైర్‌లో బయటికొచ్చాక కంప్యూటరు కోర్సు నేర్చుకుని ఈ ఉద్యోగంలో చేరాను. నేను చేరిన కొత్తలో మా ఆఫీసుకు ర్యాంపు ఉండేది, కానీ దాని మీద పూలకుండీలు ఉండేవి. వికలాంగుల టాయిలెట్ కూడా ఉండేది, అందులో హౌస్‌కీపింగ్ వాళ్ళ బకెట్లు, మాపులు ఉండేవి. పూలకుండీలు తీయించడానికి ఒక ఏడాది, బకెట్లు తీయించడానికి ఇంకో ఏడాది పట్టింది. తర్వాత లిఫ్టు బటన్ల ఎత్తు, క్యాంటీన్ కౌంటర్ ఎత్తు, పార్కింగ్ చోటు. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకున్నట్టే బిల్డింగ్‌లో తప్పులు పట్టుకుంటూ పోయాను. ఆఫీసులో నాకు ‘ర్యాంపు మేడమ్’ అని పేరొచ్చింది. కొందరు గౌరవంగా అనేవాళ్ళు, కొందరు నేను లిఫ్టులోకి రాగానే ఫోన్‌లోకి తల దూర్చేవాళ్ళు.

మా క్యాబ్‌లన్నీ నడిపించే ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో ఒకతను ఉండేవాడు. నాకంటే కొంచెం చిన్నవాడు, వరంగల్ వైపు మనిషి. ఒకప్పుడు లారీ నడిపేవాడు. ప్రమాదంలో మోకాలి పైదాకా ఒక కాలు పోయాక డెస్క్ ఉద్యోగంలో చేరాడు. కాలు పోయాకే వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ నేర్చుకుని, దాంట్లో మునిగిపోయి, కొన్నాళ్ళకు కోచ్ అయ్యాడు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక సాయంత్రం క్యాబ్ కోసం ఎదురుచూస్తూ నేను ర్యాంపు మీద పైకీ కిందికీ చైర్ తోసుకుంటుంటే, అతను డెస్క్ వదిలి వచ్చి నిలబడి చూశాడు.

“మేడమ్, మీ చేతులల్ల మస్తు బలముంది. ర్యాంపులు ఎక్కుడు దిగుడు తప్ప దానితోని ఇంకేమన్న చేస్తున్నరా?”

నాకు నలభై దాటి చాలా రోజులైందనీ, జన్మలో బంతి విసిరి ఎరగననీ చెప్పాను. బంతి సంగతి నేను చూసుకుంటాను, మీరు ఆదివారం పొద్దున బేస్‌మెంట్‌కు వస్తే చాలు అన్నాడు.

బేస్‌మెంట్ అంటే మా బిల్డింగ్ కింద కార్ల పార్కింగ్. ఆదివారం ఖాళీగా ఉంటుంది. ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గర మూలన పడి ఉన్న ఆట చైర్లను అతను తెచ్చి, బాగుచేసి పెట్టాడు. అతను ఆట నేర్పే నలుగురు అప్పటికే అక్కడ ఉన్నారు. వాటిని చూడగానే నాకు నవ్వొచ్చింది. చక్రాలు కింద వెడల్పుగా, పైన దగ్గరగా వాలి ఉన్నాయి, ఎవరో కాళ్ళు ఎడంగా చాపి నిలబడ్డట్టు. నడుముకు, తొడలకు, పాదాలకు పట్టీలు బిగించి నన్ను అందులో కట్టేశారు. ఒక్కసారి తోశాను. అంతే, అది పరుగెత్తింది. నా రోజువారీ చైర్‌ను నేను లాక్కుంటూ బతికాను. ఇది నా మనసులో మాట విని ముందే కదిలినట్టు ఉంది. స్తంభాల మధ్య నుంచి దూసుకుపోతుంటే చెవుల పక్కన గాలి వినిపించింది. ప్రమాదం తర్వాత నా సొంత బలంతో నేను గాలి పుట్టించడం అదే మొదలు. ఆ ఆనందంలో మొదటి మలుపులోనే చైర్‌తో సహా పక్కకు పడిపోయాను.

అతను మెల్లగా కర్ర ఊతంతో వచ్చి పైనుంచి చూసి, “పడ్డవా అక్కా? మంచిది. ఇగ భయం పోతది” అన్నాడు. ఆ రోజు నుంచి వారమంతా మేడమ్, ఆదివారం అక్క. నేను కూడా ఆదివారాల్లో తమ్మీ అనడం మొదలుపెట్టాను.

ఈ ఆటలో ఒక నియమం మీకు చెప్పాలి, అది లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఒంట్లో ఎంత భాగం పనిచేస్తుందో చూసి ప్రతి ఆటగాడికీ ఒక సంఖ్య ఇస్తారు. ఒక కాలు మాత్రమే లేనివాళ్ళకు నాలుగు, నాలుగున్నర. నాలాగా నడుము కూడా నిలవనివాళ్ళకు ఒకటి. మైదానంలో ఉన్న ఐదుగురి మొత్తం పద్నాలుగు దాటకూడదు. అందువల్ల పెద్ద సంఖ్యవాళ్ళతోనే జట్టు నింపేయడం కుదరదు. నాలాంటి ఒక పాయింటు మనిషి ఉంటేనే ఎత్తుగా, బలంగా బంతి వేసేవాళ్ళు ఇంకొకరు దిగగలరు. నేను బంతిని బుట్టలో వేయనవసరం లేదు. అవతలి జట్టులో బాగా ఆడేవాడి దారికి ముందే చేరుకుని, నా చైర్‌ను నిలబెట్టి, అతన్ని కదలనివ్వకపోతే చాలు. అప్పుడు మావాళ్ళకు దారి దొరుకుతుంది.

కోచ్ ఇది చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో మీకు ఎలా చెప్పను. ఇన్నేళ్ళుగా నా చైర్ అడ్డంగా ఉందనే మాట వింటూనే ఉన్నాను. లిఫ్టులో, సినిమా హాలు నడవాలో, పెళ్ళి భోజనాల వరసలో, చివరికి మా ఆఫీసు గ్రూపు ఫొటోలో కూడా. కొంచెం పక్కకు జరగండి మేడమ్ అనేవాళ్ళు. మొదటిసారి ఒక మనిషి నా ఎదురుగా నిలబడి, నువ్వు అడ్డంగా ఉండటమే మాకు కావాలి అన్నాడు.

బేస్‌మెంట్‌లో ఒక చిక్కు ఉండేది. కప్పు తక్కువ ఎత్తు. పైగా మంటలార్పే నీళ్ళ పైపులు వేలాడుతూ ఉండేవి. బంతి ఎగిరి వాటికి తగిలితే పార్కింగ్ అంతా చెరువైపోతుంది. కాబట్టి మేము బంతి పైకి వేయడం మానేసి తోయడం, ఆపడం, తిరగడం, అడ్డుపడటం మాత్రమే సాధన చేశాం. బుట్టలో వేయడం నేర్చుకోవాలంటే నార్సింగిలో మా ఇంటి దగ్గర బడి ఆవరణలో ఉన్న ఒక్క ఇనుప రింగే గతి. దాని ఫలితంగా మాది విచిత్రమైన జట్టుగా తయారైంది. ఎవరినైనా ఆపగలం, బంతి మాత్రం వేయలేం.

నిజానికి మా క్యాంపస్‌లోనే చక్కని ఇండోర్ కోర్టు ఉంది. నున్నటి చెక్క నేల, రెండు వైపులా రింగులు, పైన గ్యాలరీ. కానీ మాకు అనుమతి లేదు. బిల్డింగ్ బాధ్యతలన్నీ చూసే ఫెసిలిటీ మేనేజర్ గారిది భీమవరం వైపు. మర్యాదస్తుడు, ఎవరినీ నొప్పించి ఎరగడు, కానీ ఆ నేల విషయంలో తలుపు దగ్గరే నిలబడిపోయేవాడు. కోర్టు కట్టేటప్పుడు దగ్గరుండి ఒక్కో చెక్కా వేయించుకున్నాడట.

“మేడమ్ గారూ, బయట బూట్లతో వచ్చేవాళ్ళనే నేను లోపలికి రానివ్వట్లేదండి. చక్రాలంటే ఎలాగండి?”

టైర్లు రబ్బరువి, గీతలు పడవు, ప్రపంచమంతా చెక్క నేల మీదే ఆడతారు అని చెప్పాను. మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు కానీ నా కళ్ళతో చూడలేదు కదా అన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ టీ ఇప్పించేవాడు. నేను అతని గదిలో చాలా టీలు తాగాను.

కథ కదిలింది ఒక వేసవిలో. ఈ ఐటీ కారిడార్‌లోని కంపెనీలు కలిసి జరుపుకునే ఆటల పోటీలు ఆ ఏడు మా క్యాంపస్‌లో పెట్టారు. వేడుకలు చూసుకునే హెచ్ఆర్ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, ఫైనల్స్ రోజు భోజన విరామంలో మీ వీల్‌చైర్ వాళ్ళతో ఒక పది నిమిషాల ప్రదర్శన పెడదామంది. గచ్చిబౌలి అవతలి కంపెనీల వాళ్ళకూ ఒక జట్టు ఉందట, వాళ్ళను పిలుస్తారట. వెనక మంచి సంగీతం, చివర్లో అందరికీ పూలు. చాలా మంచి మనసుతోనే చెప్పింది.

నేను స్కోర్‌బోర్డు ఉంటుందా అని అడిగాను. ఉండదంది. రెఫరీలు? అక్కర్లేదు కదా మేడమ్ అంది. ఎందుకక్కర్లేదని అడిగితే కొంచెం ఇబ్బందిపడి, “ఎవరూ ఓడిపోయినట్టు ఉండకూడదు కదా మేడమ్” అంది.

“మాకు ఓడిపోవడం కూడా కావాలమ్మా. బోర్డు పెట్టించు” అన్నాను.

ఆ పిల్ల ఫోన్ తీసి ఏదో రాసుకుంది. తర్వాత వెళ్ళి ఎవరెవరితో పోరాడిందో తెలియదు కానీ, రెఫరీలను, గడియారాన్ని, బోర్డును సాధించుకొచ్చింది. మా మ్యాచ్‌ను భోజన విరామం నుంచి సాయంత్రం ఫైనల్స్ ముందుకు మార్పించింది. సంగీతం మాత్రం మొదట్లో కొంచెం ఉంటుంది, ఏమీ అనుకోవద్దంది.

ఫెసిలిటీ మేనేజర్ గారు ఇక కాదనలేకపోయాడు. నన్ను పిలిచి టీ ఇప్పించి, ఒక్క రోజు చూస్తానండి అన్నాడు. గీత పడకపోతే శనివారాలు కోర్టు మీది. పడితే మాత్రం మళ్ళీ నన్ను అడగొద్దు అని షరతు పెట్టాడు. నేను ఒప్పుకున్నాను. కిందికి వచ్చి కోచ్‌కు చెబితే అతను ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఆ వెంటనే ముఖం వాడింది. మనకు బుట్టలో వేసేటోళ్ళు ఏరి అక్కా అన్నాడు.

అప్పుడే అతను ఒక అమ్మాయి గురించి చెప్పాడు. మా పై అంతస్తులో కొత్తగా చేరిన డెవలపర్. రాజమండ్రి పిల్ల, మణికొండలో అక్కాబావల దగ్గర ఉండి వస్తుంది. క్యాబ్ ఎక్కేటప్పుడు ఎప్పుడూ ఒకే కాలు ముందు పెడుతుందనీ, రెండోది పెట్టుడు కాలు అనీ అతను ఎప్పుడో పోల్చుకున్నాడట. తనకూ అదే అలవాటు కాబట్టి. అంతే కాదు, ఎవరో వదిలేసిన బంతిని ఆమె ఒకసారి కాలేజీ ఆటగాళ్ళలా వేళ్ళ మీద తిప్పడం చూశాడట.

క్యాంటీన్‌లో ఆమె పక్కన చేరి, ముందూ వెనకా చూసుకుని అడిగాను. సాంబారులో చెంచా తిప్పుతూ చెప్పింది. కాలేజీ జట్టు కెప్టెన్‌గా ఆడిందట. చివరి ఏడాది బైకు ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయింది.

“మా టీంలో ఎవరికీ తెలియదండి. మెట్ల దగ్గర లేటైతే మోకాలి నొప్పి అని చెప్తాను. ఒక్కసారి ఆ చైర్‌లో కూర్చున్నానంటే ఇంక నేనేం చేసినా పాపం అనే అంటారండి. కోడ్ బాగా రాసినా పాపమే.”

ఆమె చెప్పింది నిజమే. ఆదివారం వచ్చి ఊరికే చూడమన్నాను.

వచ్చింది. స్తంభం పక్కన నిలబడి చూసింది. ఒక బంతి దొర్లుకుంటూ వెళ్ళి ఆమె పాదాల దగ్గర ఆగింది. వంగి తీసుకుని మాకు తిరిగి విసరడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. వేళ్ళు బంతి మీది గీతలను వెతుక్కుంటున్నాయి. కోచ్ ఒక ఖాళీ చైర్‌ను ఆమె వైపు తోశాడు. ఆమె కూర్చుంది. ఆ తర్వాత ఆమెను చైర్‌లోంచి దింపడానికి మేము బతిమాలాల్సి వచ్చింది. నార్సింగి బడిలో ఇనుప రింగు కింద ఆమె బంతి వేయడం చూసినప్పుడు మా కోచ్ నా భుజం పట్టుకుని, “అక్కా, దేవుడు మన మొర విన్నడు” అన్నాడు. కాని ఆమె ముందే చెప్పేసింది: మీతో ఎక్కడైనా ఆడతాను, మా ఆఫీసు వాళ్ళ ముందు మాత్రం ఆడను. మేము ఒత్తిడి చేయలేదు. చివరి వారంలో తనే వచ్చి ఆడతానంది. పొడవైన ట్రాక్ ప్యాంటు వేసుకుని, పెట్టుడు కాలు తీయకుండా ఆడుతుందట. అలా ఆడితే బరువు ఒక పక్కకు లాగుతుందని అందరికీ తెలుసు. సరే అన్నాం.

మ్యాచ్ రోజు సాయంత్రం కోర్టు తలుపులు తెరిచారు. గ్యాలరీ నిండిపోయింది. మా మేనేజర్లు, క్యాంటీన్ వాళ్ళు, వేరే కంపెనీల పిల్లలు అందరూ వచ్చారు. ఒక పక్కన ముఖ్య అతిథుల కోసం పెద్ద పెద్ద సోఫాలు వేశారు. నేల అద్దంలా మెరుస్తోంది. ఫెసిలిటీ మేనేజర్ గారు తలుపు దగ్గరే నిలబడి మా టైర్లను ఒక్కొక్కటిగా తడిగుడ్డతో తనే తుడిచి లోపలికి పంపాడు.

మేము చైర్లలో వరసగా ఆగి ఉండగా ఆ అమ్మాయి నా పక్కకు వచ్చింది. చైర్‌లో కూర్చునే వంగి ప్యాంటు పైకి మడిచి, పెట్టుడు కాలు విప్పి, షూతో సహా నా చేతిలో పెట్టింది.

“ఇది మీ బ్యాగులో పెట్టండి మేడమ్. దీంతో నేను సరిగ్గా తిరగలేను.”

గ్యాలరీలో ఆమె టీం వాళ్ళు కూర్చున్న వైపు ఆమె చూడలేదు. నేను చూశాను. వాళ్ళలో ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడవాలో గర్వపడాలో తెలియక నేను ఆ కాలిని బ్యాగులో పెట్టి జిప్పు వేశాను.

మెత్తటి సంగీతం వచ్చి పోయింది. రెఫరీ బంతి ఎగరేశాడు.

మొదటి నిమిషాలు చాలా ఘోరంగా నడిచాయి. మా ఆట ఘోరంగా ఏమీ లేదు, చప్పట్లే అలా ఉన్నాయి. బంతి వేస్తే చప్పట్లు, తప్పినా చప్పట్లు, బంతి లైను దాటి వెళ్ళిపోయినా చప్పట్లు. ఎవరు ఏ జట్టో కూడా చూడకుండా ఒకే రకంగా, జాలిగా కొడుతున్నారు. అవతలి జట్టులో ఒక పొడగరి ఉన్నాడు. పాతబస్తీ మనిషి, చేతులు ఇంతింత పొడుగు, పెద్ద నవ్వు. అతను తేలిగ్గా వేసుకుంటూ పోతున్నాడు. మేము వెనకబడ్డాం. నేను ఉత్సాహం ఆపుకోలేక ఒకసారి బంతి చేతికి రాగానే నేనే రింగు వైపు విసిరాను. అది రింగుకు సగం దూరంలోనే పడింది. దానికి కూడా చప్పట్లు కొట్టారు. కోచ్ మాత్రం బయట నుంచి, “అక్కా, నీ పని అది కాదు” అని అరిచాడు.

తర్వాత రాజమండ్రి పిల్ల బంతితో రింగు వైపు దూసుకుపోతుంటే ఇద్దరు రెండు వైపుల నుంచి వచ్చి గుద్దుకున్నారు. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు హాలంతా మోగింది. ఆమె చైర్ గాల్లో ఒక పక్కకు లేచి వెల్లకిలా పడింది. పట్టీల వల్ల చైర్ ఆమెకు అతుక్కునే ఉంది. హాలు నిశ్శబ్దమైపోయింది. హెచ్ఆర్ అమ్మాయి కోర్టులోకి పరుగెత్తుకొచ్చింది. ముందు వరసలో ఎవరో డాక్టర్ని పిలవమన్నారు. రెఫరీ చెయ్యి అడ్డం పెట్టి అందరినీ గీత అవతలే ఆపేశాడు. అది మంచి రెఫరీ చేసే పని. పడ్డ మనిషి తనంతట తాను లేస్తుంది, లేవలేకపోతే చెయ్యి ఎత్తుతుంది.

ఆమె చెయ్యి ఎత్తలేదు. పక్కకు దొర్లి, ఒక అరచెయ్యి నేల మీద ఆనించి, రెండో చేత్తో చక్రం పట్టుకుని ఊగింది. మొదటిసారి రాలేదు. రెండోసారి చైర్‌తో సహా లేచి నిలిచింది. ముఖం మీది జుట్టు వెనక్కి తోసుకుని రెఫరీ వైపు చూసి, ఫౌల్ కాదా సార్ అని అడిగింది.

కాదన్నాడు రెఫరీ.

అప్పుడు గ్యాలరీ పై వరసలోంచి ఎవరో అబ్బాయి గట్టిగా, “ఏంది సార్, కండ్లు కనిపిస్తలేవా? ఇద్దరు గుద్దిండ్రు” అన్నాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. క్షణంలో సగం హాలు రెఫరీ మీద గొడవకు దిగింది. మిగతా సగం అది ఫౌల్ కాదని వాదించింది. నా ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళు ర్యాంపుల కోసం, తలుపుల కోసం చేసిన ఏ ప్రజెంటేషన్‌లోనూ నేను సాధించలేనిది అక్కడ జరిగిపోయింది. జనం మమ్మల్ని చూడటం మానేసి ఆటను చూడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత బంతి తప్పితే చప్పట్లు లేవు, ఉసూరుమన్నారు. వేస్తే ఊగిపోయారు. ఆ ఉసూరుమనడం నాకు ఏ పూలగుత్తి కంటే కూడా ఎక్కువ గౌరవంగా తోచింది.

మా బేస్‌మెంట్ సాధన అప్పుడు పనికొచ్చింది. మేము వేయలేకపోయినా ఆపగలం కదా. ఒక్కొక్కరం ఒక్కొక్కరిని పట్టుకుని ఆపుతుంటే, ఆ ఖాళీల్లోంచి ఆ పిల్ల వెళ్ళి వేస్తూ వచ్చింది. చివరి నిమిషానికి ఒక్క పాయింటు వెనక ఉన్నాం. బంతి మా చేతిలో ఉంది. రింగుకు దారి మాత్రం ఆ పొడగరి చేతుల కింద ఉంది. కోచ్ నా వైపు చూసి, పొడగరి వైపు గడ్డం ఎగరేశాడు.

నేను ఉన్న బలమంతా పెట్టి తోశాను. పొడగరి వెనక్కి తిరిగేలోపు అతని దారికి అడ్డంగా చేరి, నా చైర్ ముందు కడ్డీని అతని చక్రం ముందు నిలిపి బిగబట్టాను. అతను ఎడమకు లాగాడు. నేనూ లాగాను. కుడికి తిప్పాడు. నేను అక్కడే ఉన్నాను. నవ్వు మాయమైంది.

“అక్కా, జర జరుగు” అన్నాడు పళ్ళ బిగువున.

“జరగ తమ్మీ. నేను వచ్చిందే గిందుకు” అన్నాను.

నా వెనక చక్రాలు దూసుకుపోయిన చప్పుడు వినిపించింది. బంతి నేలకు ఒకసారి తగిలి లేచింది. రింగు నా వీపు వెనక ఉంది. తల తిప్పితే అతను జారిపోతాడు, అందుకని తిప్పలేదు. అతని ముఖంలోకే చూస్తూ ఉన్నాను. అతని కళ్ళు నా తల మీదుగా పైకి లేచాయి, అలాగే ఆగాయి, తర్వాత మెల్లగా కిందికి దిగాయి. నోరు తెరుచుకుంది. ఆ ముఖం చూసి బంతి పడిందని నాకు తెలిసింది. హాలు కేక ఆ తర్వాతే నా చెవులకు చేరింది. ఆ పిల్ల వేసిన, మమ్మల్ని గెలిపించిన ఆ బంతిని నేను ఈ రోజు వరకు చూడలేదు. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో పంపారు కానీ నేను తెరవలేదు. నాకు అతని ముఖం చాలు. ఆ తర్వాత అతను పెద్దగా నవ్వి, నా చెయ్యి పట్టుకుని, మళ్ళీ ఆడదాం అక్కా, ఈసారి మిమ్మల్ని ముందే చూసుకుంటా అన్నాడు.

ఫైనల్స్ కూడా అయిపోయి జనం తగ్గాక ఫెసిలిటీ మేనేజర్ గారు టార్చిలైటు తీసుకుని కోర్టులోకి వచ్చాడు. మేమందరం గోడ పక్కన వరసగా చేరి చూస్తున్నాం. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నేల అంచు నుంచి అంచు దాకా, రింగుల కింద, మధ్య గీత దగ్గర, ఆ అమ్మాయి పడ్డ చోట వెలుగు వేసి చూశాడు. చేత్తో తడిమాడు. తర్వాత ఒక పక్కకు వెళ్ళి ఆగిపోయాడు. అక్కడ పొడవుగా, లోతుగా, జంటగా గీతలు పడి ఉన్నాయి. నా ప్రాణం పోయినంత పనైంది.

ఆయన ఆ గీతల వెంట టార్చి వేసుకుంటూ నడిచాడు. అవి తలుపు నుంచి బయలుదేరి, గోడ వారగా సాగి, ముఖ్య అతిథుల సోఫాల కాళ్ళ దగ్గర ఆగాయి.

లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఎర్రబడ్డ ముఖంతో, “శనివారం ఎన్నింటికి రావాలనుకుంటున్నారండి?” అని అడిగాడు. కోచ్ ఆ పెద్దమనిషి ముందు నవ్వకుండా ఉండటానికి పడ్డ పాట్లు నాకు మాత్రమే తెలుసు.

మీరు ఆ రాజమండ్రి పిల్ల గురించి అడుగుతారు. సోమవారం ఆమె టీం లీడ్ ఆమెను ఇంకో బ్లాక్‌లో తేలికైన పనికి మారుస్తానన్నాడట, మంచి ఉద్దేశంతోనే. నా పని నేను చేసుకుంటాను, లిఫ్టు దగ్గర మీటింగ్ గది ఇవ్వండి చాలు అని చెప్పిందట. కొందరు పాపం అన్నారు కూడా. అన్నారు మేడమ్, కానీ నేను అనుకున్నంత మంది అనలేదు అని నాకు చెప్పింది. ఆ తర్వాత రాష్ట్ర జట్టుకు ఆడింది. ఇప్పుడు తనే కొత్తవాళ్ళకు నేర్పుతోంది.

మొదటి శనివారం నేను కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. మహా అయితే మా జట్టువాళ్ళం ఉంటాం, ఆ పొడగరి తన వాళ్ళను ఇద్దరు ముగ్గురిని తెస్తాడు అనుకున్నాను. మెయిన్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా క్యాబ్ ఆపి, పరేషాన్‌గా, “మేడమ్, మీ కోసం వచ్చిండ్రంట. లోపలికి ఇడువాల్నా?” అని అడిగాడు.

తల బయటికి పెట్టి చూశాను. గేటు నుంచి బస్‌స్టాప్ దాకా ఉన్నారు. వీల్‌చైర్లలో, కర్రలతో, మూడు చక్రాల స్కూటర్ల మీద. మెడలో రకరకాల కంపెనీల ఐడీ కార్డులు. మ్యాచ్ వీడియో చూసి కొండాపూర్ నుంచి, నానక్‌రామ్‌గూడ నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఇంతమంది రోజూ ఇదే రోడ్డు మీద, ఇవే క్యాబుల్లో తిరుగుతూ, ఇవే బిల్డింగుల్లో కూర్చుని పనిచేస్తున్నారు. ఒకరికి ఒకరం ఇన్నాళ్ళూ కనిపించలేదు. నా బిల్డింగ్‌లో ర్యాంపు అడిగేది నేనొక్కదాన్నే అని నేను అనుకున్నట్టే, తమ తమ బిల్డింగుల్లో వాళ్ళూ అనుకుని ఉంటారు.

“అందరినీ పంపియ్” అన్నాను.

ఆట చైర్లు చాలలేదు. వంతులు వేసుకున్నాం. నా చైర్‌ను బ్యాంకులో పనిచేసే ఒకావిడకు ఇచ్చి, నన్ను కోర్టు పక్కన నేల మీద దింపమన్నాను. గోడకు వీపు ఆనించుకుని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ పట్టీలు బిగించుకుని, భయం భయంగా ఒకసారి తోసింది. చైర్ పరుగెత్తింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. వెనక్కి తిరిగి నా వైపు చూసి మళ్ళీ తోసింది. నేను తోయండి, ఇంకా తోయండి, అని అరవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా అరుస్తూనే ఉన్నాను.

సోమవారం రివ్యూ మీటింగ్ వేళకు నా గొంతు పూర్తిగా పోయింది. అంతకుముందు వారం నేను పట్టుకున్న తప్పులన్నీ టైపు చేసి చూపించాల్సి వచ్చింది. ఏమైంది మేడమ్, జలుబా అని మా మేనేజర్ అడిగాడు. కాదని తల ఊపి, నవ్వు ఆపుకోలేక స్క్రీన్ వెనక్కి వంగిపోయాను.